రిజిస్టరులో లేని ఎలుక

దయ్యాల కథలంటే నాకు భయం కాదు, విసుగు. చిన్నప్పుడు మా తల్లాడలో కరెంటు పోతే చాలు, అరుగు మీద ఎవరో ఒకరు మొదలుపెట్టేవాళ్లు. తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి కాలువ గట్టు మీద నిలబడి ఉందట. "ఆ చీరకు అంచు ఏ రంగు?" అని అడిగి తిట్లు తిన్నదాన్ని నేను. అంచు రంగు ఒక్కరూ చెప్పలేకపోయారు. పెద్దయ్యాక నేను చదివిన చదువూ అలాంటిదే. కంటికి కనబడింది లెక్కపెట్టు, లెక్కకు అందనిది రాయకు.

అందుకే ఇది రాయాలంటే నాకు ఒళ్లు మండుతోంది. నాకు ఎదురైంది తెల్లచీర కాదు, తెల్ల ఎలుక. దయ్యమైతే ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఎలుకకు ఇచ్చుకోవాలి, మూడు కాపీల్లో.

మూడేళ్ల కిందటి మాట. పీహెచ్‌డీలో అది నాకు ఏడో ఏడు. ఇచ్చిన పొడిగింపుల్లో ఆఖరిది డిసెంబరుతో అయిపోతుంది. ఆలోగా థీసిస్ ఇవ్వకపోతే ఏడేళ్లూ గంగలో కలిసినట్టే. మా గైడు సారు ఉండేది హైదరాబాదులో. నేను ఉండేది సారపాక నుంచి మణుగూరు పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఒక కాలేజీ వెనకున్న ఎలుకల షెడ్డులో. పొద్దున కాగితం మిల్లు షిఫ్టు బస్సు వెనకాల ఆటోలో రావడం, సాయంత్రం మిల్లుకు పోయే జామాయిల్ కర్ర లారీల వెనకాల పోవడం. అదీ నా బతుకు.

నా పని చెబుతాను. రక్తంలో కొన్ని కణాలు పుట్టుకతోనే కాపలా డ్యూటీలో ఉంటాయి. వాటికి టీకా వేయనక్కర్లేదు, రోగం ముందొకసారి వచ్చి పరిచయం చేసుకోనక్కర్లేదు. కొత్తది ఏది కనబడినా మింగేస్తాయి. వాటిని గుర్తుపట్టి, ఏది ఎంత మింగుతోందో చూడటం నా పరిశోధన. ఎలుక తోక నరంలోకి కంటికి ఆననంత సన్నని నీలి పూసలు ఎక్కిస్తాం. తర్వాత ఒక చుక్క రక్తం గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెడితే, మింగిన కణాల కడుపులో నీలి చుక్కలు కనబడతాయి. కణం నడుమ ఉండే కేంద్రకం ఉంగరంలా ఉంటే అది న్యూట్రోఫిల్. చిక్కుడుగింజలా ఉంటే మోనోసైట్.

హైదరాబాదులో ఈ లెక్క చేసే మిషను ఉంది. ఐసు పెట్టెలో రక్తం పెట్టి బస్సెక్కిస్తే, బస్సు చేరేసరికి సగం కణాలు పాడయ్యేవి. ఆఖరికి నేనే స్టూలు మీద కూర్చుని, బొటనవేలితో నొక్కే చిన్న లెక్క మిషను పట్టుకుని, గింజా ఉంగరమా, గింజా ఉంగరమా అనుకుంటూ రోజులు గడిపేదాన్ని. మెడ పట్టేసేది. ఇంటికి పోతే అన్నంలో చిక్కుడుకాయ కూర కనబడినా చిరాకొచ్చేది.

ఎలుకల మీద ప్రయోగం చేయాలంటే కమిటీ అనుమతి ఉండాలి. నాకు ఇరవై నాలుగు ఎలుకలు ఇచ్చారు. ఒకటి తగ్గితే ఏమైందో రాయడానికి ఫారంలో ఒక గడి ఉంది. ఒకటి ఎక్కువైతే ఏం చేయాలో ఎక్కడా లేదు.

ఎలుకలను చూసుకునే మనిషి జోగమ్మ. యాభై ఏళ్లుంటాయి. షెడ్డుకు రెండు కిలోమీటర్ల లోపల కోయగూడెం ఆమెది. "పనిమనిషి" అంటే మండిపడేది, "అటెండర్ని" అనేది. కాంట్రాక్టరు కింద నాలుగేళ్లుగా చేస్తోంది. తునికాకు, ఇప్పపువ్వు, కూలి, ఇవన్నీ సీజనును బట్టి. ఆ ఇంటికి నెలనెలా తప్పకుండా వచ్చేది ఈ జీతం ఒక్కటే.

ఎలుకలకు నంబర్లు చెవి గాట్లతో వేస్తాం. కుడి చెవి గాట్లు ఒకట్లు, ఎడమ చెవి గాట్లు పదులు. ఇందులో ఒక తిరకాసుంది. ఎలుకను మొహం మనవైపు పెట్టుకుని చూస్తే కుడి ఎడమలు తారుమారై పన్నెండు కాస్తా ఇరవై ఒకటి అవుతుంది. నేను మూడుసార్లు పొరబడ్డాను. జోగమ్మ ఒక్కసారి కూడా పొరబడలేదు. తోక తన వైపు పెట్టుకుని, చెవులు చూసి, నంబరు చెప్పేది. రెండో తరగతి కూడా చదవని మనిషి నా తప్పులు దిద్దుతుంటే నాకు ఎంత కడుపుమంటగా ఉండేదో చెప్పలేను.

ఎలుకలు వచ్చిన రోజే ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఇరవై నాలుగు. పెట్టెకు మూడు చొప్పున ఎనిమిది పెట్టెల్లో సర్దాం. అప్పుడు అడిగింది.

"అన్నిటినీ చంపుతవా బిడ్డా?"

"అన్నిటినీ."

"విత్తనానికి ఒకటన్నా ఉంచవా?"

గూడెంవాళ్లు అడవిలో గడ్డలు తవ్వినా తీగ మొదలు మళ్లీ మట్టిలో పెట్టి వస్తారు. ఊడ్చుకుపోవడం వాళ్ల ఇంటా వంటా లేదు. నాకు ఆ రోజు ఇదంతా వినే ఓపిక లేదు. "ఇది పొలం కాదు జోగమ్మా, ల్యాబు" అన్నాను. ఆమె నీళ్ల సీసాలు నింపుకుంటూ పోయింది.

మొత్తం పని ఒక్క వారానిది. సోమవారం పూసలు ఎక్కించాలి. మంగళ, బుధ, గురువారాల్లో రోజుకు ఎనిమిది చొప్పున, మత్తు ఎక్కువ ఇచ్చి చంపి, రక్తం తీయాలి. సరిగ్గా ఆదివారం సాయంత్రం జోగమ్మ చల్లగా చెప్పింది.

"రేపట్నుంచి భూమి పండుగ. నేను రాను."

"ఈ వారమే రావాలా మీ పండుగ?"

"విత్తులేసే ముంగట రాక, కోతలప్పుడు వస్తదా?"

భూమి పండుగ అంటే ఇక్కడ గూడేల్లో విత్తనాలకు పూజ. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి వచ్చేపోయే బండ్లను ఆపుతారు. ఆ రోజుల్లో గూడెం వదిలి పనికి రారు. షెడ్డుకు రెండే తాళంచెవులు, ఒకటి నాది, ఒకటి ఆమెది. ఎర్రదారం కట్టిన తన తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి పోయింది. నేను గొణుక్కుంటూ సంచీలో పడేశాను.

ఆ వారమంతా ఎలుకలకు మేత, నీళ్లు, కింద పరిచే ఊక మార్చడం, అన్నీ నేనే. పూసల మందు హైదరాబాదు నుంచి ఇరవై నాలుగు సిరంజీల్లో నింపే పంపారు. ఇరవై నాలుగు ఖాళీ సిరంజీలు డబ్బాలో వేశాను. చంపిన ప్రతి ఎలుకనూ చెవులు కనబడేలా ఫోటో తీసి, నంబరు రాసిన కవరులో పెట్టి ఫ్రీజరులో పెట్టాను. గురువారం సాయంత్రానికి ఇరవై నాలుగు కవర్లు అయ్యాయి. ఎనిమిది పెట్టెలూ నా చేత్తో తోమి, షెడ్డులోనే సిమెంటు గట్టు మీద ఆరబెట్టడానికి బోర్లించి, తాళం వేసి పోయాను. చేతులు బ్లీచింగు వాసన వదల్లేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి వచ్చి తాళం తీశాను. కిటికీలోంచి ఎండ గట్టు మీద పడుతోంది. పెట్టెలు ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెడుతున్నాను. ఐదో పెట్టె ఎత్తితే కింద తెల్ల ఎలుక కూర్చుని ఉంది. ముందు కాళ్లతో మొహం తుడుచుకుంటోంది.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఏడేళ్ల విసుగంతా అప్పుడే నెత్తికెక్కింది. ఎలుకను పట్టుకుని, తోక నా వైపు పెట్టుకుని, చెవులు చూశాను. కుడి చెవికి రెండు గాట్లు, ఎడమ చెవికి ఒకటి. పన్నెండు. మళ్లీ చూశాను. పన్నెండే.

దాన్ని ఒక పెట్టెలో వేసి మూత పెట్టి, గైడు సారుకు ఫోను చేశాను.

"ఒక ఎలుక ఎక్కువుంది సార్."

"ఎక్కువ ఉండటానికి వీల్లేదు."

"ఉంది సార్."

"ఉండటానికి వీల్లేదమ్మా. తగ్గడానికి వీలుంది, ఎక్కువ ఉండటానికి వీల్లేదు."

ఇలా కాసేపు సాగింది. చివరికి ఆయనే ఒక దారి చూపించారు. ఎవరో ఎలుకను దాచి, బదులు వేరేదాన్ని పెట్టి ఉండాలి. ఆ షెడ్డులో నేను కాక తిరిగేది ఒక్కరే. సిబ్బంది తప్పు అని కాగితం ఉంటే, పన్నెండో నంబరు ఒక్కటే తీసేసి మిగతా ఇరవై మూడూ చూపించుకోవచ్చు. డిసెంబరుకు థీసిస్ ఇచ్చేయొచ్చు.

నాకు వెంటనే "విత్తనానికి ఒకటన్నా ఉంచవా" గుర్తొచ్చింది. ఇంకేముంది, దొంగ దొరికింది అనుకున్నాను. అక్కడే నిలబడి ఉత్తరం రాసి, కాలేజీ గేటు దగ్గరుండే కాంట్రాక్టరు సూపర్‌వైజరుకు ఇచ్చాను. అటెండర్ జోగమ్మ జాలిపడి ఒక ఎలుకను దాచిందని నాకు గట్టి అనుమానం అని.

అతను చదివి నవ్వాడు. "అవ్ మేడం, ఈళ్లతోని గిట్లనే ఉంటది. సోమవారం నుంచి వేరే మనిషిని పంపుత" అన్నాడు.

ఈళ్లు అంటే ఎవరో నాకు తెలుసు. తెలిసే తలూపాను. ఆ వారంలో జరిగినవాటిలో నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది ఆ తల ఊపడమే.

మధ్యాహ్నం, కాగితాలు పకడ్బందీగా ఉండాలని, ఫ్రీజరు తెరిచాను. జోగమ్మ ఎలుకను మార్చి ఉంటే పన్నెండో కవరులో వేరే ఎలుక ఉండాలి కదా. కవరు విప్పాను. గడ్డకట్టిన ఎలుక, కుడి చెవికి రెండు, ఎడమకు ఒకటి. నా గాట్లే. మొహం నావైపు పెట్టి చూసి ఇరవై ఒకటిని పన్నెండు అనుకున్నానేమో అని ఇరవై ఒకటి కూడా విప్పాను. అది ఇరవై ఒకటే. ఫోటోలు చూశాను. ఫోటోల్లోనూ అంతే. ఇరవై నాలుగు కవర్లు, ఇరవై నాలుగు ఎలుకలు, పెట్టెలో ఇంకోటి.

సరే, అమ్మినవాళ్లు ఇరవై ఐదు పంపి ఉంటారు, మేం లెక్క తప్పి ఉంటాం అనుకుందాం. గాటు కూడా ఏ నిద్రమత్తులోనో నేనే రెండుసార్లు వేశాననుకుందాం. అప్పుడు కూడా దాని రక్తంలో పూసలు ఉండకూడదు, సిరంజీలు ఇరవై నాలుగే కాబట్టి. బతికున్నదాని తోక నుంచి ఒక చుక్క తీసి, పలక మీద పరిచి, రంగు వేసి చూశాను.

చిక్కుడుగింజల పక్కనే నీలి చుక్కలు. ఎటు జరిపినా నీలి చుక్కలు.

లెక్కపెట్టాను. బుధవారం చంపిన పన్నెండో నంబరుకు ఎంత వచ్చిందో అంతే వచ్చింది. మళ్లీ లెక్కపెడితే ఒకటి తేడా. మూడోసారి మళ్లీ అదే అంకె. పూసలు మింగిన కణాలు రోజుకు కొన్ని చచ్చిపోతాయి, శుక్రవారానికి తగ్గి ఉండాల్సిన లెక్క అది. తగ్గలేదు. నేను ఆ లెక్క మిషను బల్ల మీద విసిరికొట్టాను. దాని అద్దం పగిలింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అయినా బుద్ధి రాలేదు. ఎలా చేసిందో జోగమ్మే చెప్పాలి, నాలుగు చీవాట్లు పెడితే చెబుతుంది అని శనివారం పొద్దున ఆటో మాట్లాడుకుని గూడేనికి బయల్దేరాను. గూడెం మలుపులో తాడు అడ్డం వచ్చింది. పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు, తలల్లో పూలు, కోయ భాషలో పాట. ఆటో చుట్టూ మూగారు. పండుగకు ఏదో ఒకటి ఇస్తేగానీ తాడు దించరు. తాడు చివర పట్టుకున్నది జోగమ్మే. నన్ను చూసి నవ్వింది.

"వచ్చినవా బిడ్డా! పండుగకేనా?"

నేను నవ్వలేదు. "పన్నెండో నంబరును ఏం చేశావ్?" అన్నాను. ఆమె మొహం మారింది. పక్కనున్న ఆమె ఎవరో తెలుగులో, "ఈమె సోమారం కాడినుంచి ఈడనే ఉన్నది, ఏమైంది?" అంది. వెనక నుంచి ఇంకెవరో చిల్లర అడుగుతున్నారు. చిరాగ్గా సంచీలో చెయ్యి పెట్టి తడిమాను. చేతికి చిల్లర రాలేదు, ఎర్రదారం వచ్చింది. దారానికి తాళంచెవి.

ఆ తాళంచెవి ఆదివారం నుంచీ నా సంచీలోనే ఉంది. దాన్ని సంచీలో పెట్టుకునే ఆ ఉత్తరం రాశాను. ఆ సంచీ భుజాన వేసుకునే సూపర్‌వైజరు మాటకు తలూపాను.

అంతమంది ముందు ఏం మాట్లాడాలో తెలియక, జరిగిందంతా గబగబా చెప్పేశాను. ఎలుక సంగతి, ఉత్తరం సంగతి, సోమవారం నుంచి వేరే మనిషి వస్తుందన్న సంగతి. పాట ఆగిపోయింది. జోగమ్మ తాడు పట్టుకునే ఆటో దగ్గరికి వచ్చింది.

"దాస్తే నీకు చెప్పి దాస్త గని, దొంగతనంగ ఎందుకు దాస్త?" అంది. తర్వాత, "దానికి నీళ్ల సీసా పెట్టినవా?"

పెట్టలేదు. నిన్న పొద్దున కోపంలో మూత పెట్టడం, మధ్యాహ్నం చుక్క రక్తం తీసి మళ్లీ మూత పెట్టడమే తెలుసు. ఈ ఎండల్లో ఒక రోజు పైనే అయింది.

"పో. జల్దీ పో" అని తాడు దించేసింది.

ఆటోలో వస్తున్నంతసేపూ ఏడ్చాను. ఎందుకో కూడా చెబుతాను. ఎలుక చచ్చిపోతే నా సమస్య తీరిపోతుందని దారిలో ఒక్క క్షణం అనిపించింది. అందుకు. షెడ్డుకు వచ్చి మూత తీస్తే అది మూలన ముడుచుకుని ఉంది. సీసా పెట్టాక చాలాసేపు తాగింది. ప్రతి గుక్కకూ సీసా గొట్టంలో గోలీ టిక్కు టిక్కు మంటుంటే నేను పక్కనే కింద కూర్చున్నాను.

సోమవారం ఉత్తరం వెనక్కి తీసుకుంటానని సారుకు ఫోను చేశాను. ఆయన అరిచారు. ఉత్తరం లేకపోతే ఆ ఎలుక ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. చెప్పలేకపోతే లెక్కే తప్పు. లెక్క తప్పైతే ఇరవై నాలుగూ పోతాయి. "ఏడేళ్లమ్మా" అన్నారు. నాకు తెలియదా ఏడేళ్లని! అయినా రాశాను. ఎలుక ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు, అటెండరుకు ఏ సంబంధమూ లేదు, ఆమె తాళంచెవి నా దగ్గరే ఉంది. మూడు కాపీలు.

ప్రయోగం రద్దయింది. డిసెంబరు వచ్చింది, పోయింది. ఇంకో ఏడాది కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కానో, ఎవరెవరి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డానో అదంతా వేరే భారతం. జోగమ్మను మళ్లీ పనిలోకి తీసుకోవడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నర జీతం రాలేదు. నేను క్షమించమన్నాను. ఆమె క్షమించానని అనలేదు. పది రోజులు పని మాటలు తప్ప ఇంకేం మాట్లాడలేదు. నాకు తగిన శాస్తే.

కమిటీవాళ్లు వచ్చి బతికున్న ఎలుకను, ఫ్రీజరులోదాన్ని పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఒకాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆఖరికి దానికి "పన్నెండు బై ఏ" అని పేరు పెట్టి, అనుమతి లేని ఎలుకను చంపడానికి కూడా అనుమతి లేదు కాబట్టి, అది తనంతట తాను చచ్చేదాకా మేపమని రాసి పోయారు. ఇంత చదువుకున్నవాళ్లు నలుగురు కూర్చుని తేల్చింది అదీ.

జోగమ్మ తిరిగొచ్చిన రోజు దాన్ని ఎత్తి, తోక తన వైపు పెట్టుకుని చెవులు చూసింది. "పన్నెండు" అని మళ్లీ పెట్టెలో వేసింది.

"ఎట్లా వచ్చింది జోగమ్మా ఇది?" అని ఉండబట్టలేక అడిగాను.

"నువ్వు గదా సదువుకున్నదానివి. నువ్వే చెప్పాలె. నన్నడుగుతవేంది?" అంది. నిజమే. ఏదో అడవి రహస్యం చెబుతుందని ఎదురుచూశాను కాబోలు. ఆమెకూ తెలియదు. తెలియనందుకు ఆమెకు నా అంత బాధ లేదు, అంతే తేడా.

ఆ ఎలుక ఏడాదిన్నర బతికింది. ముసలిదై, బొచ్చు రాలి, ఒక పొద్దున మామూలుగా చచ్చిపోయింది. దాన్నీ కవరులో పెట్టి ఫ్రీజరులో పెట్టాను. పన్నెండు అని రాసిన కవర్లు రెండున్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, అంచు రంగు అడిగేవాళ్లకు నా దగ్గర జవాబుంది. అది ఎలా జరిగిందంటే మాత్రం లేదు. అలిసిపోయి నేనే ఎక్కడో తప్పు చేశాననుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను. ఆ తప్పు ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ బోర్లించిన పెట్టె ఎత్తేముందు రెండుసార్లు తడతాను.

రెండోసారి ప్రయోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఇరవై ఐదు ఎలుకలు అడిగాను. ప్రయోగానికి ఇరవై నాలుగే కదా, ఇరవై ఐదోది ఎందుకు అని ఫారంలో ఒక గడి ఉంది. ఇంగ్లీషు ఫారం అది. చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, తెలుగులో "విత్తనానికి" అని రాశాను. రాసి, సిగ్గేసి, కొట్టేసి, పక్కన ఇంగ్లీషులో స్పేర్ అని రాశాను. కమిటీ సంతకం పెట్టి పంపింది. కొట్టేసిన మాట మీద ఎవరో పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టారు. ఎవరు పెట్టారో నేను అడగలేదు.